ఊదకూడని పదిహేను రోజులు

దవడలో పక్కకి తిరిగి పడుకుంది పన్ను.
ఎక్స్‌రేలో తెల్లగా,
దొంగనిద్ర పోతున్న పిల్లాడిలా
ముందు పన్ను వీపులో మోకాలు పొడిచి.

డాక్టర్ హావ్లిచ్కోవాకి నా పని తెలుసు.
ఆవిడ పెళ్ళికి కూజా ఊదిందే నేను.
అయినా మత్తుసూది దించేముందు అడిగింది,
"రోమానా, కొలిమికి సెలవు చెప్పే వచ్చావా?"
ఒక్క పూట చాలదా అన్నాను.
ఆవిడ ముక్కు మీది గుడ్డ కొంచెం కదిలింది.
నవ్వే అయ్యుంటుంది.

మూడు ముక్కలై వచ్చింది.
నొప్పి లేదు. చప్పుడుంది,
పక్కగదిలో ఎవరో పచ్చికట్టె విరుస్తున్నట్టు,
ఆ పక్కగది నా తలే అయినట్టు.
పంటి బిగువున ఓర్చుకుందామంటే
ఊడుతున్నది ఆ పన్నే.

తర్వాత కాగితం చూడకుండా చదివింది:
స్ట్రా వద్దు.
ఉమ్మొద్దు, కారనివ్వు.
నాలుకతో తడమొద్దు.
ఊదొద్దు.
గోతిలో కట్టిన నెత్తుటిగడ్డ
నీ గాలికి లేచిపోయిందో, ఎముక బయటపడుతుంది,
అప్పుడు తెలుస్తుంది నీకు, అంది.
ఏం తెలుస్తుందో చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళుగా
ఇంటి అద్దె, బొగ్గు, అమ్మ మందులు,
అన్నీ నా ఊపిరే కట్టింది.
పన్ను కూడా.

మొదటి రాత్రి దిండు మీద తువ్వాలు, తువ్వాలు మీద ఎరుపు.
గాజుగుడ్డ కొరికి పట్టుకుని పడుకున్నాను.
గాజు పనిచేసేదాని నోట్లో గాజుగుడ్డ.
నవ్వొచ్చింది. కుట్లు లాగాయి. మానేశాను.

మూడో రోజు అద్దంలో
కుడిబుగ్గ నేను ఊదకుండానే ఉబ్బింది.
దాని మీద పసుపూ ఊదా కలిసిన రంగు ఒకటి,
మా డబ్బాల్లో ఎప్పుడూ కుదరనిది.
పైవాటా లుద్మిలా గారు రవ్వజావ తెచ్చింది,
పైన వెన్న, కోకో పొడి.
చల్లారేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను.
ఊది చల్లార్చుకోవడం కూడా
ఊదడమే కదా.

ఆరో రోజు ఇంట్లో ఉండలేకపోయాను.
నోవీ బోర్ వీధులు తడిగా ఉన్నాయి.
దుకాణంలో నా ఊదుగొట్టం క్రిష్టోఫ్ చేతిలో ఉంది.
వాడి నోరు దాని మీద.
ముద్ద ఒకవైపు పలచనవుతోంది,
వాడికి కనబడలేదు.
నా బుగ్గలు వాటంతటవే నిండాయి.
పెదాలు నొక్కిపెట్టాను.
తిడదామంటే నోరు రెండు వేళ్ళ మేర తెరుచుకోదు.
చెయ్యెత్తాను.
వాడు చెయ్యి వైపు చూశాడు, మంట వైపు చూశాడు,
గొట్టం తిప్పే వేగం తగ్గించాడు.
పగిలింది.
కానీ కొంచెం ఆలస్యంగా.

జేబులో పన్నుముక్కలున్న పొట్లం తీసి చూపించాను.
ముసలి ఓల్డ్రిఖ్ కళ్ళజోడు పైకి నెట్టాడు.
"మా తాత రోజుల్లో ఎముకల బూడిద కలిపేవాళ్ళు,
గాజుకి పాలరంగు రావడానికి."
ఇదెంత పాలు అవుతుంది అన్నాడు క్రిష్టోఫ్.
ముసలాయన లెక్కేసినట్టు చాలాసేపు ఆగి,
"ఒక చుక్క. పిల్లి కూడా లేవదు" అన్నాడు.
పొట్లం తిరిగి జేబులో వేసుకున్నాను.

రోజూ ఉప్పునీళ్ళు.
పుక్కిలించడం కాదు,
తల అటూ ఇటూ వంచి
సముద్రాన్ని ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిపించడం.
తొమ్మిదో నాటికి ఒక కుట్టు కరిగింది.
వద్దన్నా నాలుక వెళ్ళింది.
గోతికి అడుగు తగిలింది, మెత్తగా.
చిగుళ్ళని ఊరికే అనలేదు,
చిగురేదో అక్కడ పని మొదలెట్టింది,
నన్ను అడగకుండా.

పదహారో పొద్దున
గొట్టం నోటికి ఆనించాను.
ఇనుము రుచి, పాతదే.
గాలి వెళ్ళింది.
బుడగ కుడివైపు ఒరిగింది.
నాకు తెలియలేదు.
ఎదురుగా క్రిష్టోఫ్.
ఏమీ అనలేదు,
చెయ్యెత్తాడు.